కరివేపాకు మొక్క పసుపెక్కిందా? ఎరువు వేసే ముందు.. ఏ ఆకు మొదట మారిందో చూడండి!

అమెరికాలో చలి మొదలైందంటే చాలా తెలుగు ఇళ్లలో ఒకటే హడావుడి. పెరట్లోనో, బాల్కనీలోనో ఉన్న కరివేపాకు కుండీ ఇంట్లోకి వచ్చేస్తుంది. కిటికీ పక్కన పెట్టి, పైన ఒక గ్రో లైట్ బిగిస్తారు. కొన్ని వారాలు తిరక్కుండానే ఆకులు పసుపెక్కి, తాకితే చాలు రాలిపోతుంటాయి. 'పాపం, బలం చాల్లేదేమో' అని గుప్పెడు ఎరువు వేస్తారు. అసలు ముప్పు అక్కడే మొదలవుతుంది.

పోతే ఇంకోటి తెచ్చుకోవచ్చులే అనుకోవడానికీ లేదు. నిమ్మ, నారింజ తోటలను నాశనం చేసే సిట్రస్ గ్రీనింగ్ తెగులును మోసుకెళ్లే చిన్న పురుగు కరివేపాకు మీద కూడా బతుకుతుంది. ఈ తెగులు 2005లో ఫ్లోరిడాలో బయటపడింది. అందుకే ఇండియా నుంచి తాజా కరివేపాకును లగేజీలో తీసుకురానివ్వరు. ఈ పురుగు ఉన్న రాష్ట్రాల నుంచి మొక్క తెప్పించుకోవాలన్నా ఆంక్షలున్నాయి. కాబట్టి ఉన్న మొక్కను కాపాడుకోవడమే మేలు. మరి జబ్బు ఏంటో ఎలా కనిపెట్టాలి?

ముందు గ్రో లైట్ ఆపండి

గులాబీ, ఊదా రంగు ఎల్‌ఈడీ వెలుగులో ఆకు అసలు రంగు తెలియదు. లైట్ ఆపేసి, పగటి వెలుతురులో చూడండి. ఫోన్‌లో ఫొటో తీసినా అప్పుడే తీయండి. ఆకు అడుగు భాగం కూడా తిప్పి చూడాలి. సన్నని సాలెగూడు లాంటిది గానీ, గోధుమ రంగు బొడిపెలు గానీ కనిపిస్తే అది పోషకాల లోపం కాదు, పురుగు. ఎర్రనల్లి, పొలుసు పురుగు ఇంట్లోని పొడి గాలిలో త్వరగా పెరుగుతాయి.

కింది ఆకులా? పై ఆకులా?

అసలు కీలకం ఇదే. నత్రజని, మెగ్నీషియం తగ్గితే మొక్క తన ముసలి ఆకుల్లోంచి వాటిని లాగి కొత్త చిగురుకు పంపుతుంది. అందుకే లోపం ముందు కింది ఆకుల్లో కనిపిస్తుంది. ఇనుము అలా కాదు. ఒకసారి ఆకులో చేరితే మళ్లీ కదలదు. అది తగ్గితే కొత్త చిగురే పాలిపోతుంది.

* కింది ఆకులు మొత్తం పసుపెక్కితే: నత్రజని లోపం కావచ్చు. నీళ్లు ఎక్కువై వేరు కుళ్లినా ఇలాగే ఉంటుంది.
* కింది ఆకుల్లో ఈనెలు పచ్చగా ఉండి, మధ్య భాగం పసుపెక్కితే: మెగ్నీషియం లోపం.
* పైన చిగురు పసుపెక్కి, ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే: ఇనుము అందడం లేదు.
* ఆకు చివర్లు మాడి, మట్టిపైన తెల్లటి పొర కడితే: ఎరువు ఉప్పు ఎక్కువైంది.

ఇనుము విషయంలో ఒక మెలిక ఉంది. చాలాసార్లు అది మట్టిలో ఉంటుంది. కానీ ఉప్పు నీళ్లలాంటి కఠిన జలం పోసీ పోసీ మట్టి క్షారంగా మారితే వేరు దాన్ని తీసుకోలేదు. మన ఇళ్లలో కరివేపాకుకు పుల్ల మజ్జిగ పోసే అలవాటు వెనక లాజిక్ కూడా ఈ పులుపే. అయితే మూసిన గదిలో మజ్జిగ పోస్తే వాసన, చిన్న ఈగలు తప్పవు. దాని బదులు వాన నీళ్లు పోయడం, చీలేటెడ్ ఐరన్‌ను ప్యాకెట్‌పై ఉన్న మోతాదులో వాడటం మంచిది.

లైట్ తక్కువైతే ఒకలా.. ఎక్కువైతే ఇంకోలా

వెలుతురు చాలకపోతే కొమ్మ కిటికీ వైపు సాగిపోతుంది. రెమ్మకు రెమ్మకు మధ్య దూరం పెరుగుతుంది. ఆకులు చిన్నగా, పలచగా వస్తాయి. లైట్ మరీ దగ్గరైతే దీనికి రివర్స్. దీపానికి దగ్గరగా ఉన్న పై ఆకులు మాత్రమే తెల్లగా పాలిపోతాయి లేదా అంచులు పైకి ముడుచుకుంటాయి. కింది ఆకులు పచ్చగానే ఉంటాయి. చేయి పెడితే వేడి తగల్లేదని ధీమా వద్దు. ఎల్‌ఈడీ వేడి లేకుండానే ఆకును పాలిపోయేలా చేయగలదు. కాస్త పైకి జరిపి, కొత్తగా వచ్చే ఆకును గమనించండి. రోజుకు 12 నుంచి 14 గంటల వెలుతురు చాలు. రాత్రి చీకటి ఉండనివ్వండి.

ఈ వరుసలోనే సరిచూడండి

ముందు నీళ్లు. వేలు రెండు అంగుళాలు మట్టిలోకి దింపండి. తడి తగిలితే పోయొద్దు. తర్వాత చలి. 50 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే సుమారు 10 డిగ్రీల సెల్సియస్ దగ్గరకు పడిపోతే కరివేపాకు నిద్రలోకి జారుకుని ఆకు రాలుస్తుంది. రాత్రిపూట చల్లటి గాజు కిటికీకి ఆనించి పెట్టొద్దు. ఆ తర్వాత లైట్. ఎరువు చివరి మాట. ఎదగని మొక్కకు ఎరువు వేస్తే అది తినదు, ఉప్పు మట్టిలో పేరుకుని వేరును కాలుస్తుంది. ఇప్పటికే ఎక్కువ వేసి ఉంటే కుండీని సింక్‌లో పెట్టి, అడుగు నుంచి కారేలా మంచినీళ్లు బాగా పోసి కడిగేయండి.

ఒకేసారి అన్నీ మార్చేయకండి. ఒక మార్పు చేసి రెండు వారాలు ఆగండి. పసుపెక్కిన ముసలి ఆకు మళ్లీ పచ్చబడకపోవచ్చు, దాన్ని చూసి బెంగపడొద్దు. కొత్త చిగురు పచ్చగా వస్తే మందు పనిచేసినట్టే. ఆకులన్నీ రాలినా మొక్కను పారేయొద్దు. కొమ్మను గోరుతో కొద్దిగా గీరి చూడండి. లోపల పచ్చగా ఉంటే ప్రాణం ఉన్నట్టే. వసంతం వచ్చాక మళ్లీ చిగురేస్తుంది. అప్పుడు కూడా నేరుగా ఎండలో పెట్టకుండా, వారం పది రోజులు నీడలో ఉంచి మెల్లగా అలవాటు చేయండి.