తొలకరి నీళ్లు తాగిన రేగడి నడివానల్లో ఎందుకు తాగదు?

చేవెళ్ల, మొయినాబాద్ మండలాల్లో ఎర్రచెల్కా ఉంది, నల్లరేగడీ ఉంది. గ్రానైట్ కరిగిన చోట చెల్క. చేవెళ్ల దాటి వికారాబాద్ వైపు సాగేకొద్దీ నల్లరాయి కరిగిన రేగడి. మృగశిరలో రెండింటి మీదా ఒకే వాన పడితే రేగడి గటగటా తాగేస్తుంది, చెల్క మీద కాసేపటికే నీళ్లు పారతాయి. శ్రావణం వచ్చేసరికి ఆ రేగడిలోనే కాలు దిగబడుతుంది, నీళ్లు మడుగు కడతాయి. మట్టి అదే, అందులోని సన్నరేణువులూ అవే. మరి ఈ మార్పు ఎందుకు?

రేగడి బంకలో రేణువు 0.002 మిల్లీమీటర్ల కంటే చిన్నది. అది పుస్తకంలా పొరలు పొరలుగా ఉంటుంది. తడిస్తే పొరల మధ్యకు నీరు దూరి ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుంటుంది. ఎండాకాలమంతా ముడుచుకునే సరికి చెయ్యి పట్టేంత నెర్రెలు విచ్చుతాయి. తొలివాన నేలలో ఇంకదు, ఈ నెర్రెల్లోంచి నేరుగా లోపలికి జారుతుంది. పోతూ పోతూ పైనున్న పొడిమట్టినీ కిందికి తీసుకుపోతుంది. నేల ఉబ్బి నెర్రెలు మూసుకున్నాక మిగిలేవి కంటికి కనిపించని సందులే. పటాన్‌చెరు దగ్గరి ఇక్రిశాట్ పరిశోధన కేంద్రంలో నల్లరేగడి మీద కొలిస్తే, మొదటి అరగంటలో గంటకు 76 మిల్లీమీటర్ల చొప్పున ఇంకిన నీరు, నేల పూర్తిగా నానాక గంటకు 0.21 మిల్లీమీటర్లకు పడిపోయింది.

అంత తేడా ఎలా వస్తుందంటే, గొట్టంలాంటి సన్నసందు వెడల్పు సగమైతే అందులో పారే నీరు సగం కాదు, పదహారో వంతు అవుతుంది. పిడికెడు సన్నమట్టి దారికి అడ్డం పడినా నేల ఇంకుడు పోవడానికి కారణం ఇదే.

చెల్క కథ వేరు. అందులో బంక తక్కువ, ఉన్నది కూడా పెద్దగా ఉబ్బని కయొలినైట్ అనే రకం. అక్కడ చిక్కు పైపొరలోనే ఉంది. బాగా ఎండిన చెల్క పెళ్ల ఒకటి గాజు గ్లాసు నీళ్లలో వేసి చూడండి. బుడబుడా గాలి బుడగలు వస్తాయి, నిమిషాల్లో పెళ్ల కూలి అడుగున పొడిగా పడుతుంది. చుట్టూ ఉన్న నీరు ఒక్కసారిగా కమ్ముకోవడంతో లోపలి గాలి ఇరుక్కుపోయి పెళ్లను పగలగొట్టింది. అలాంటి పెళ్లనే ముందు తడిగుడ్డ మీద పెట్టి మెల్లగా తడవనిచ్చి తర్వాత నీళ్లలో వేస్తే చాలాసేపు నిలుస్తుంది. అంటే పెళ్లను విరిచేది తడి కంటే తడిసే వేగమే. ఎండిన చేను మీద జోరువాన చేసేదీ ఇదే: పెళ్లలు విరిగి సన్నరేణువులు పైసందుల్లో పేరుకుంటాయి, ఎండ తగలగానే గట్టి పెచ్చు కడుతుంది. ఈ ప్రాంతపు క్యారెట్ రైతుకు ఆ పెచ్చు ఎంత నష్టమో తెలుసు. అంత చిన్న విత్తనపు మొలక దాన్ని చీల్చుకుని రాలేదు.

ఎండడం మాత్రం చెడ్డది కాదు. నీటిపొర పలచబడుతున్నప్పుడు రేణువులను దగ్గరికి లాగుతుంది. పేడ, చెత్త కుళ్లిన జిగురు ఉంటే అవి గుళికలుగా అతుక్కుంటాయి. వేసవిదుక్కిలో లేచిన రేగడి పెళ్లలు జల్లులకు తడిసి, మళ్లీ ఎండి, వాటంతటవే సన్నగా చిట్లుతాయి. ఆ పని వానకు, ఎండకు వదలకుండా రోటవేటర్‌తో నేలను పిండి చేయడం నాకు నచ్చదు. చెల్కలో అయితే అది పెచ్చుకు చేతులారా ముడిసరుకు అందించడమే. పదును చూసి గుంటుక తోలడం, పైన కొట్టిన వరిగడ్డో ఆకులో పరచడం, స్ప్రింక్లర్ అయితే సన్నజల్లుగా మెల్లగా తడపడం ఎంతో మేలు.

గ్లాసులో పెళ్ల చుట్టూ పాలలాంటి మబ్బు కమ్మి గంటలు గడిచినా తేరుకోకపోతే అది మట్టిలో సోడియం ఎక్కువైన లక్షణం. ఆ భూమికి జిప్సం కావాలేమో మట్టిపరీక్షలో తేల్చుకోవాలి.

ఇంకని నీళ్లతో కొట్టుకుపోయిన మట్టి ఈసీ, మూసీ వాగుల వెంట పోయి 1927లో కట్టిన హిమాయత్‌సాగర్‌లోనూ, 1920 నాటి ఉస్మాన్‌సాగర్‌లోనూ చేరుతుంది. ఊరి చెరువుల్లో పేరుకున్న దాన్ని 2015లో మొదలైన మిషన్ కాకతీయలో తవ్వి చేలకు తోలారు. చెల్కకు అది మంచి మందే, తడిని పట్టి ఉంచుతుంది. కాకపోతే ఎండాకాలంలోనే పలచగా పరచాలి, జల్లులకు పెళ్లలు చిట్లనివ్వాలి, ఆ తర్వాత పేడతో కలిపి దున్నాలి.