సిగ్నల్ గీతలు ఉంటే సరిపోదు: వ్యవసాయ యాప్‌లలో ఇంటర్నెట్ అనుసంధాన పరీక్ష

వాతావరణ సూచనలు, చీడపీడల గుర్తింపు, పంట నమోదు వంటి పనుల ద్వారా మొబైల్ యాప్‌లు నేడు విస్తరణ వ్యవస్థలో అంతర్భాగమయ్యాయి. భారత వాతావరణ విభాగం, భారత ఉష్ణమండల వాతావరణ అధ్యయన సంస్థ, భారత వ్యవసాయ పరిశోధన మండలి సంయుక్తంగా 2019లో ప్రవేశపెట్టిన మేఘదూత్ ఇందుకు మంచి ఉదాహరణ. ఇందులో జిల్లాలవారీ సలహాలు వారానికి రెండుసార్లు, మంగళ, శుక్రవారాల్లో వెలువడతాయి. ఇటువంటి సమాచారానికి తాజాదనమే ప్రాణం. శుక్రవారం వెలువడిన వర్షసూచన ఫోనుకు చేరక, మంగళవారం నాటి పొడి వాతావరణ సూచనే తెరపై నిలిచి ఉంటే, దానిని నమ్మి పిచికారీ చేసిన మందు వానకు కొట్టుకుపోతుంది. మందు ఖర్చు, కూలి ఖర్చు రెండూ వృథా అవుతాయి. అందువల్ల ఇంటర్నెట్ అందుతున్నదో లేదో యాప్ సరిగా గ్రహించడం కేవలం సాంకేతిక నిపుణుల విషయం కాదు.

అనుసంధానం వేరు, ఇంటర్నెట్ వేరు

తెరపై కనిపించే సిగ్నల్ గీతలు టవరు నుంచి అందే రేడియో సంకేత బలాన్ని మాత్రమే తెలుపుతాయి. వైఫై గుర్తు ఫోనుకు, రౌటరుకు మధ్య ఉన్న అనుసంధానాన్ని తెలుపుతుంది. రౌటరుకు ఆవల కేబుల్ తెగినా, డేటా ప్యాక్ ముగిసినా, లాగిన్ పేజీ దాటవలసి ఉన్నా ఈ గుర్తులు కనిపిస్తూనే ఉండవచ్చు.

ఆండ్రాయిడ్‌లో కనెక్టివిటీ మేనేజర్ అనే వ్యవస్థాభాగం ఈ రెండింటినీ వేరుచేసి చెబుతుంది. ఒక నెట్‌వర్క్ ఇంటర్నెట్‌కు ఉద్దేశించినదా అన్నది మొదటి లక్షణం. నిజంగా ఇంటర్నెట్ అందుతున్నట్లు నిర్ధారణ అయిందా అన్నది రెండవది. ఈ నిర్ధారణ లక్షణం 2015 నాటి ఆండ్రాయిడ్ 6.0 నుంచి అందుబాటులో ఉంది. ఫోను ఒక నిర్ణీత చిరునామాకు చిన్న అభ్యర్థన పంపుతుంది. ఏ సమాచారమూ లేని 204 సంకేతం తిరిగి వస్తే దారి తెరిచి ఉన్నట్లు. దానికి బదులు వేరొక పేజీ వస్తే లాగిన్ అవసరమైనట్లు భావిస్తుంది. చాలా పాఠ్య ఉదాహరణలలో కనిపించే పాత నెట్‌వర్క్ సమాచార పద్ధతిని 2019లో వచ్చిన ఆండ్రాయిడ్ 10 నుంచి వాడవద్దని సూచించారు. ఫ్లట్టర్‌లో విరివిగా వాడే కనెక్టివిటీ ప్లస్ కూడా వైఫైయా, మొబైల్ డేటానా అన్నది మాత్రమే తెలుపుతుంది. ఇంటర్నెట్ అందుతున్నదని హామీ ఇవ్వదు.

పరీక్ష ఫలితం ఆ క్షణానికే

నిర్ధారణ జరిగిన మరుక్షణమే సిగ్నల్ పోవచ్చు. ఇంటర్నెట్ అందుతున్నా సంస్థ సర్వరు పనిచేయకపోవచ్చు. కనుక ముందస్తు పరీక్షను బట్టి పంపాలా వద్దా అని నిర్ణయించకూడదు. అసలు అభ్యర్థననే పంపి, కాలపరిమితి విధించి, విఫలమైతే ఏమి చేయాలో యాప్‌లో పొందుపరచాలి. వాడుకరికి పరిస్థితి తెలపడానికి, మళ్లీ ఎప్పుడు ప్రయత్నించాలో తెలుసుకోవడానికి పరీక్ష ఉపకరిస్తుంది.

పొలంలో పనికివచ్చే విధానం

క్షేత్రంలో సేకరించిన ప్రతి వివరాన్నీ ముందుగా ఫోనులోనే భద్రపరచాలి. నెట్‌వర్క్ అందినప్పుడు పంపే బాధ్యతను ఆండ్రాయిడ్‌లోని వర్క్ మేనేజర్‌కు అప్పగించవచ్చు. విఫలమైన ప్రతిసారీ విరామాన్ని పెంచుతూ ప్రయత్నిస్తే బ్యాటరీ ఆదా అవుతుంది. వివరాలు సర్వరుకు చేరినా, చేరినట్లు తెలిపే సమాధానం దారిలో ఆగిపోవచ్చు. అప్పుడు యాప్ అదే నమోదును మళ్లీ పంపుతుంది. ప్రతి నమోదుకు ఫోనులోనే ప్రత్యేక గుర్తింపు సంఖ్య కేటాయిస్తే, ఒకే పొలం రెండుసార్లు లెక్కకెక్కకుండా సర్వరు గుర్తించగలదు.

ప్రతి సలహాపై అది వెలువడిన తేదీ, వర్తించే గడువు స్పష్టంగా కనిపించాలి. గడువు దాటితే ఆ విషయం పెద్ద అక్షరాలతో తెలపాలి. "లోపం సంభవించింది" అనే సందేశం వల్ల రైతుకు ప్రయోజనం లేదు. "ఇంటర్నెట్ అందడం లేదు. మీ వివరాలు ఫోనులో భద్రంగా ఉన్నాయి, ఇంకా పంపలేదు" అంటే స్పష్టత ఉంటుంది. సర్వరు ధ్రువీకరించేవరకు "నమోదైంది" అని చూపకూడదు. అత్యవసర సలహా కోసం కిసాన్ కాల్ సెంటర్ సంఖ్య 1800-180-1551ను యాప్‌లోనే ఉంచితే మంచిది. మామూలు ఫోను కాల్‌కు ఇంటర్నెట్ అక్కరలేదు.

కొన్ని పనులకు ఇంటర్నెట్ అవసరాన్నే తొలగించవచ్చు. కర్రపెండలం తెగుళ్లను గుర్తించే ప్లాంట్ విలేజ్ వారి నురు యాప్ ఆకులను ఫోనులోనే విశ్లేషిస్తుంది.

పరీక్షించే తీరు

విద్యార్థులు తయారుచేసే యాప్‌లను ప్రాంగణ వైఫైపై, ఆపై ఏరోప్లేన్ మోడ్‌లో పరీక్షించి సరిపెట్టుకోరాదు. ఏరోప్లేన్ మోడ్‌లో అనుసంధానమే ఉండదు. ఆ స్థితిని ఏ యాప్ అయినా సులువుగా గుర్తిస్తుంది. ఇంటర్నెట్ కేబుల్ తీసివేసిన రౌటరు, డేటా ముగిసిన సిమ్, బలహీన సిగ్నల్, ఫొటో పంపుతుండగా తెగిపోయే అనుసంధానం అనే నాలుగు పరిస్థితులలోనూ పరీక్షించాలి. ఒక్క నమోదు కూడా పోకుండా, రెండుసార్లు చేరకుండా, పాత సలహా కొత్తదిగా కనిపించకుండా ఉన్నప్పుడే ఆ యాప్‌ను రైతుకు సిఫారసు చేయాలి.