పాటలో చూసిన సముద్రం... కళ్ళారా చూసిన జంట!

అది 2013. చీరాలలో ఓ హాల్లో ‘ఇద్దరమ్మాయిలతో’ ఆడుతోంది. తెరమీద అల్లు అర్జున్, బార్సిలోనా వీధులు! వెనక వరసలో కూర్చున్న వేటపాలెం కుర్రాడొకడు కాబోయే ఇల్లాలి చెవిలో, “పెళ్ళయ్యాక నిన్నక్కడికి తీసుకెళ్తా” అనేశాడు. హాల్లో చీకట్లో ఇచ్చిన మాట వెలుతురులోకి రాగానే మరిచిపోవచ్చు. ఆయన మరిచాడు కూడా. ఆవిడ మరవలేదు!

పన్నెండేళ్ళ తర్వాత, 2025లో ఆ మాట చెల్లింది. పేర్లు వేయొద్దన్నారు కనుక వేయడం లేదు. ఆయనది చిన్న చీరల వ్యాపారం. ఆవిడ ఇంటిదగ్గరే జీడిపప్పు పొట్లాలు కట్టి అమ్ముతుంది.

స్లాబా? సముద్రమా?

చిట్టీ పాడితే డబ్బు చేతికొచ్చింది. అది వంటింటి స్లాబు కోసం దాచుకున్నది. “అప్పుడేదో అన్నాన్లే, ఇప్పుడు స్లాబు ముఖ్యం” అన్నాడాయన. రెండు రోజులు ఇంట్లో మాటల్లేవు. తీర్పు చెప్పింది అత్తగారు! తిరుపతి దాటి ఎరగని మనిషి. “స్లాబు వచ్చే ఏడు వేసుకోవచ్చురా. నా మోకాళ్ళు చూడు. మీవీ ఎల్లకాలం ఇలాగే ఉంటాయనుకుంటున్నారా?” అంది. అంతే, పాస్‌పోర్టులు బయటికొచ్చాయి.

సినిమాలో హీరోకి వీసా గొడవ ఉండదు. ఒక్క కట్‌తో విదేశంలో దిగుతాడు. వీళ్ళకు మాత్రం మొదటిసారి కాదన్నారు! చిట్టీ డబ్బంతా ఒక్కసారే బ్యాంకులో వేసి, మర్నాడే స్టేట్‌మెంటు తీసి పెట్టారట. మనిషికి 90 యూరోల రుసుము పోయినట్టే, తిరిగి రాదు. మళ్ళీ ఆర్నెల్లు వ్యాపారం లెక్కలన్నీ బ్యాంకు ద్వారా నడిపి, 30 వేల యూరోల వైద్య బీమా కాగితం జతచేసి అర్జీ పెట్టారు. ఈసారి స్టాంపు పడింది. ఒక్క షెంజెన్ వీసాతో స్పెయిన్, ఫ్రాన్స్, ఇటలీ మూడూ తిరగొచ్చు.

తెర చెప్పని సంగతులు

బార్సిలోనాలో సగ్రద ఫమీలియా చర్చి చూసి నోరు తెరిచారు. 1882లో మొదలైన కట్టడం! “మన స్లాబు ఒక్క ఏడాది ఆలస్యమైతే ఏమైందండీ!” అందట ఆవిడ.

అక్కణ్ణుంచి రైళ్ళు మారుతూ ఫ్రాన్స్‌లోని నీస్. తీరం పొడుగునా అందమైన రోడ్డు, నీలం నీళ్ళు. చెప్పులు విప్పి పరుగెత్తబోయింది ఆవిడ... అమ్మో! ఇసుక లేదు, అన్నీ గులకరాళ్ళే! “పాటల్లో హీరోయిన్లు ఎలా పరుగెత్తుతారో!” అని నవ్వుకున్నారు.

ఇటలీలో చింక్వే తెర్రె అంటే ‘అయిదు ఊళ్ళు’. కొండ అంచున రంగురంగుల ఇళ్ళు, కింద సముద్రం. ‘రాధేశ్యామ్’ చూసిన దగ్గర్నుంచి ఆవిడకు ఇటలీ మోజు. అందులో కోర్నీలియా అనే ఊరికి స్టేషన్ నుంచి మూడొందలకు పైగా మెట్లు. సగం ఎక్కేసరికి ఆయనకు ఆయాసం. “అత్తయ్య చెప్పిన మాట నిజమేనండీ, మోకాళ్ళుండగానే రావాలి” అంటూ ఆవిడే చెయ్యందించింది. హోటలు భోజనం ఖరీదు చూసి చాలా పూటలు రొట్టె, వేటపాలెం వేయించిన జీడిపప్పుతోనే సరిపెట్టుకున్నారు. ఫొటోల్లో ఆ పొట్లం కనబడదు!

తిరిగి మన ఒడ్డుకు

“మరి ఏ సముద్రం బావుంది?” అనడిగాను. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. “అక్కడ నీళ్ళు బావున్నాయి. ఇక్కడ ఇసుక బావుంది” అన్నాడాయన, తెలివిగా.

వచ్చిన మర్నాడే పెద్దావిణ్ణి ఆటోలో ఎక్కించుకుని రామాపురం బీచికి వెళ్ళారు. అల పాదాల్ని తాకుతుంటే ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న: “అక్కడి సముద్రం కూడా ఉప్పేనా?”

“మనదానికన్నా ఎక్కువ ఉప్పు అత్తయ్యా!”

“అయితే అంత దూరం పోయి ఏం లాభం?” అని నవ్వి, కొడుకు వంక తిరిగింది. “సరే, మరి ఇప్పుడు స్లాబు సంగతి చూడు!”

కొత్త చిట్టీ కట్టడం మొదలుపెట్టారట. ఈసారి హాల్లో మాత్రం ఆయన నోరు మెదపడం లేదు!