రాజధాని కచేరీలలో నేటి ఉమేదువారులు

గత వేసవి సెలవులలో ఒకనాటి సాయంకాలము మా పాఠశాల పూర్వవిద్యార్థిని యొకతె తండ్రి మా యింటికి వచ్చిరి. ఆ బాలిక పదవ తరగతి వరకు మా యొద్ద తెలుగు మాధ్యమమున చదివి, ఇప్పుడు బెంగుళూరులో బి.ఏ. చదువుచున్నది. ఆయన చేతిలో ఒక కాగితముండెను. "అయ్యవారూ, మా పాప రెండు నెలలు ఒక ఎమ్మెల్యే ఆఫీసులో ఇంటర్న్‌షిప్పు చేయాలంట. జీతం లేదంట. ఉండేదానికీ తినేదానికీ మేమే పెట్టుకోవాలంట. ఇది చదువా, వెట్టిచాకిరా?" అని యడిగిరి.

మాకు వెంటనే సమాధానము తోచలేదు. ఇంటర్న్‌షిప్పు అను మాటను మేము వినియుంటిమి గాని, ప్రభుత్వ కార్యాలయములలో ఆ పేరుతో పిల్లలు ఏమి చేయుదురో మాకు తెలియదు. "ముందు ఒక నెలకు పంపుడు, చూతము" అని మాత్రము చెప్పితిమి. పిమ్మట ఆ బాలికతోను, అట్టి పని చేసివచ్చిన మరియొక పూర్వవిద్యార్థితోను మాటలాడి తెలిసికొన్న సంగతులను ఇందు వ్రాయుచున్నాము.

మాట క్రొత్తదే గాని విషయము ప్రాతదే. మన తాతముత్తాతల కాలమున తాలూకా కచేరీలలోను, జిల్లా కచేరీలలోను ఉమేదువారులని కొందరుండెడివారు. వారు జీతము లేకయే కచేరీకి వచ్చి, అర్జీలకు నకళ్లు వ్రాసి, దఫ్తరములు సర్ది, ఎప్పటికైనను ఒక ఉద్యోగము ఖాళీ కాకపోవునా యని కనిపెట్టుకొని యుండెడివారు. గ్రామములలో కరణముగారి కుమారుడు తండ్రి ప్రక్కను కూర్చుండి లెక్కలు నేర్చినదియు ఇట్టి శిక్షణమే. మైసూరు సీమలో ఆ పని శానుభోగులది. వంశపారంపర్యముగా వచ్చిన ఆ గ్రామోద్యోగములు కర్ణాటకమున 1961 నాటి చట్టముతోను, ఆంధ్రప్రదేశమున 1984లోను తొలగిపోయినవి. నేటి ఇంటర్ను ఉద్యోగమునకై కాచుకొని యుండడు. నెలయో, రెండు నెలలో పనిచేసి, ధ్రువపత్రము పుచ్చుకొని తన కళాశాలకు తిరిగిపోవును. పూర్వము సిరస్తాదారుగారి బంధువులకే ఆ గడప సులభముగా దాటనయ్యెడిది. నేడు ఎవరైనను దరఖాస్తు పెట్టుకొనవచ్చును. సిఫారసు పూర్తిగా నశించినదని మాత్రము మేము చెప్పజాలము.

విధానసౌధమును మన పిల్లలు విహారయాత్రలలో వెలుపలి నుండి చూచియే యున్నారు. కోలారు జిల్లా క్యాసంబళ్ళికి చెందిన కె. చెంగలరాయరెడ్డిగారు ముఖ్యమంత్రిగా నున్నప్పుడు, 1951లో, నెహ్రూగారు దానికి శంకుస్థాపన చేసిరి. తరువాత ముఖ్యమంత్రియైన కెంగల్ హనుమంతయ్యగారి పట్టుదలచే అది 1956లో పూర్తియైనది. దాని యెదుట నున్న ఎర్రని కట్టడము అఠారా కచేరి. పదునెనిమిది శాఖలు అందుండుటచే ఆ పేరు వచ్చినది. ఇప్పుడది ఉన్నత న్యాయస్థానము. ఇంటర్నులు కొందరు శాసనసభ్యుల యొద్దను, కొందరు ప్రభుత్వ శాఖలలోను, కొందరు పరిశోధనా సంస్థలలోను చేరుదురు. వి.కె.ఆర్.వి. రావుగారు 1972లో స్థాపించిన సామాజిక ఆర్థిక పరివర్తన సంస్థ, 1994లో శామ్యూల్ పాల్‌గారు స్థాపించిన పబ్లిక్ అఫైర్స్ సెంటర్ మొదలగునవి ఈ నగరముననే యున్నవి.

మా విద్యార్థిని చేరినది సరిహద్దు ప్రాంతపు శాసనసభ్యుని కార్యాలయమున. మొదటి వారమంతయు పత్రికలలోని వార్తలను కత్తిరించి అంటించుటతోనే సరిపోయెనట. రెండవ వారమున ఆమెకు ఒక ఉత్తరముల కట్ట నిచ్చి, వానినుండి సభలో అడుగదగిన ప్రశ్నలను వ్రాయుమనిరి. బెంగుళూరు కోరమంగల, చల్లఘట్ట లోయల మురుగునీటిని శుద్ధిచేసి కోలారు జిల్లా చెరువులకు పంపు పథకము 2018లో ఆరంభమైన సంగతి మన తల్లిదండ్రులకు తెలిసినదే. దినమునకు 44 కోట్ల లీటర్లు పంపుట దాని లక్ష్యము. ఒక గ్రామస్థులు తమ చెరువునకు ఆ నీరు రాలేదని వ్రాసిరి. ఆమె వారి మాటనే ప్రశ్నగా వ్రాసెను: "మా చెరువునకు నీరెప్పుడు వచ్చును?"

కార్యాలయమునందలి పెద్దాయన యొకరు దానిని చదివి నవ్విరట. "దీనికి ప్రభుత్వము 'త్వరలో' అని ఒక్క మాట చెప్పి కూర్చుండును. తప్పించుకొన వీలులేని ప్రశ్న వ్రాయుము" అనిరి. ఆమె నాలుగుమారులు తిరిగి వ్రాసెను. కడపట నిలిచిన ప్రశ్న యిది: ఈ తాలూకాలో ఎన్ని చెరువులు పథకమున చేరినవి? నేటివరకు ఎన్నింటికి నీరు వచ్చినది? తక్కిన వానికి ఏ నెలలో వచ్చును? ఆలస్యమునకు కారణమేమి? అంకెయు, తేదీయు అడిగినచో అంకెయు, తేదీయు చెప్పవలసి వచ్చును. నక్షత్రపు గుర్తు గల ప్రశ్నకు మంత్రి సభలో నోటితో ఉత్తరమీయవలెను, దానిపై అనుబంధ ప్రశ్నలు వేయవచ్చును. గుర్తు లేనిదానికి వ్రాతమూలకముగా మాత్రమే ఉత్తరము వచ్చును. శాసనసభలో 224 మంది సభ్యులు. ప్రశ్నలకు దొరకు కాలము స్వల్పము. మా తరగతిలో వ్యాకరణము చెప్పునపుడు ప్రశ్నార్థక వాక్యమునకు మేమెన్నడు ఇంత విలువ నీయలేదని ఒప్పుకొనుచున్నాము.

రెండవ విద్యార్థి ప్రభుత్వ శాఖలో చేరెను. ఆతనికి మొదటి అడ్డంకి భాష. కన్నడ లిపి మన లిపికి తోబుట్టువు గనుక అక్షరములు చదువుట కష్టము కాలేదు. ఆఫీసు కన్నడము వేరు. ఫైలును అచ్చట 'కడత' అందురు. గుమాస్తా దానిపై 'టిప్పణి' వ్రాసి శాఖాధికారికి పంపును. అది మెట్టుమెట్టుగా కార్యదర్శి వరకు ఎక్కి, మరల దిగివచ్చును. ఇప్పుడిది చాలవరకు కంప్యూటరు మీదనే జరుగును. సర్క్యులరును 'సుత్తోలె' అందురు. సుత్తు అనగా చుట్టు, ఓలె అనగా తాటియాకు లేఖ. చుట్టు తిరుగు లేఖ యన్నమాట. ఇక కడత యన్నది మనకు పరాయి మాట కాదు. బొగ్గు పూత పూసిన మడతల గుడ్డ మీద బలపముతో లెక్కలు వ్రాసికొను పుస్తకమును మన పూర్వులు కడితమనిరి. ఈ సంగతి చెప్పినప్పుడు ఆ బాలుడు, "ముందే తెలిసియుంటే ఆ మాటకు అంత భయపడకపోదును సార్" అనెను.

ఆతడే పిమ్మట ఒక సంస్థ పక్షమున గృహసర్వేకు పోయెను. పౌరులనే అడిగి కార్యాలయముల పనితీరునకు మార్కులు వేయు పద్ధతిని పబ్లిక్ అఫైర్స్ సెంటర్ వారు ఈ నగరమున 1994లో చూపినది మొదలు, ప్రశ్నపత్రములు పట్టుకొని యిల్లిల్లు తిరుగుట విద్యార్థులకు పరిపాటియైనది. సరిహద్దున తెలుగు మాటలాడు ఒక పల్లెలో ఒక యువకుడు, "ఇంట్లో అవ్వ ఉంది, పింఛను రాలేదు" అనెను. తెలుగు రాని తోటి విద్యార్థి దానిని 'తల్లి' యని వ్రాసికొనెను. కన్నడ పల్లెలలో అవ్వ యనగా తల్లియే. మన వైపు నాయనమ్మ, అమ్మమ్మ. 2007లో వచ్చిన సంధ్యా సురక్షా పింఛను 65 ఏండ్లు నిండినవారికే చెల్లును. కాగితము మీద తల్లి వయస్సు నలువదియైదు గనుక ఆ యింటివారి మొర అబద్ధమైపోయెను. రాత్రి పత్రములు సరిచూచునపుడు మనవాడు దానిని కనిపెట్టెను. మరునాడు మరల పోయి, గోడకానుకొని కూర్చున్న ఆ ముసలమ్మను చూచి, దిద్దుకొని వచ్చిరి. ఆ ఒక్క మాటను పట్టుకొనుటకు తెలుగు మాత్రమే వచ్చినను చాలదు, కన్నడము మాత్రమే వచ్చినను చాలదు. మన బడిలో కన్నడపు పీరియడును ఆటగా తీసికొను పిల్లలు ఈ సంగతి వినవలెను.

మన హక్కుల సంగతియు ఆ బాలిక అచ్చటనే చదివెనట. తన కష్టమును విన్నవించుకొనుటకు రాజ్యమున వాడుకలోనున్న ఏ భాషలోనైనను అర్జీ పెట్టుకొనవచ్చునని రాజ్యాంగపు 350వ అధికరణము చెప్పుచున్నది. 1956లో చేసిన ఏడవ సవరణము ప్రాథమిక విద్యను మాతృభాషలో గరపుటకును, భాషా అల్పసంఖ్యాకుల కొరకు ప్రత్యేకాధికారిని నియమించుటకును అధికరణములను చేర్చినది. ఇవన్నియు అచ్చులో నున్నవి. కార్యాలయమున ఎవరో ఒకరు గుర్తుచేసినగాని అచ్చు కదలదు.

ఇక డబ్బు మాట. ఇచ్చట ఆ తండ్రి ప్రశ్నయే న్యాయమైనదని మా యభిప్రాయము. జీతము లేని శిక్షణకు నగరమున ఇల్లున్నవారి పిల్లలు పోగలరు. కూలినాలి చేసికొనువారి పిల్లలు పోలేరు. తుదకు ప్రభుత్వపు పనిని లోపలి నుండి చూచువారు ఒక వర్గమువారే యగుదురు. 2024లో కేంద్రప్రభుత్వము ప్రారంభించిన ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకమున నెలకు 5000 రూపాయలు ఇచ్చుటకు నిర్ణయించిరి గాని, అది పెద్ద కంపెనీలలో శిక్షణకు. పార్లమెంటు సభ్యులకు సహాయకులుగా యువకులను నియమించు లాంప్ ఫెలోషిప్పునకు భత్యము కలదు; అది ఢిల్లీలో, పట్టభద్రులకు. కావున చేరుటకు ముందే మూడు మాటలు అడిగి తెలిసికొనుడు: పని యేమి, నేర్పువారెవరు, దారిఖర్చులైన ఇత్తురా. ఈ మూడింటికి సరియైన ఉత్తరము రానిచోట అది వెట్టిచాకిరియే. బెంగుళూరే కానక్కరలేదు, జిల్లా పంచాయతి కార్యాలయమునకు ఇంటినుండియే బస్సులో పోయి రావచ్చును.

మా విద్యార్థిని కృష్ణరాజపురమున మేనత్త యింట నుండి ఒక నెల పనిచేసి వచ్చెను. వచ్చిన పిమ్మట తన ఊరికి సాయంకాలపు బస్సు కావలెనని తెలుగున ఒక అర్జీ వ్రాసి, గ్రామస్థులచే సంతకములు చేయించి పంపెను. అందులో ఎంతమంది పిల్లలు, ఎన్ని మైళ్లు, ఏ వేళకు అని అంకెలన్నియు కలవు. మొన్న ఆమె తండ్రి మరల మా యింటికి వచ్చిరి. చేతిలో కన్నడమున వచ్చిన రసీదు. బస్సు ఇంకను రాలేదు. ఆ కాగితపు తలమీద నున్న అంకెను వ్రేలితో చూపి, "అయ్యవారూ, కడత నంబరంటే ఇదేనా?" అని యడిగిరి.