మళ్లీ అక్షరాభ్యాసం

మా నాన్నగారు రాసిన ఉత్తరాలు మా ఇంట్లో అరవై దాకా ఉన్నాయి. బరంపురంలో పుట్టి పెరిగిన మా పిల్లలకు తెలుగు మాట్లాడటం వచ్చు గాని, తాతగారి గొలుసుకట్టు రాత చదవడం రాదు. అందుకని రోజూ బ్యాంకు నుంచి వచ్చాక ఒక్కో ఉత్తరం కంప్యూటరులో టైపు చేస్తూ వచ్చాను. అయితే ఏ ఫైలు ఎక్కడ పెట్టానో నాకే తెలిసేది కాదు.

దసరాకు వచ్చిన మా అమ్మాయి అది చూసి, "నాన్నా, మీ బ్యాంకులో వోచర్లు కూడా ఇలాగే పెడతారా?" అంది. మౌస్ పక్కన పెట్టించి, లినక్స్‌లో నల్లని తెర తెరిచి నన్ను కూర్చోబెట్టింది.

లినక్స్‌కు మాతృక యునిక్స్. 1969లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో పుట్టింది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మా శాఖలోని యంత్రం కూడా యునిక్స్‌దే. కాని బి.కాం. చదివిన నాకు మెనూలో నంబరు నొక్కడం తప్ప దాని లోపలి సంగతి తెలియదు.

అమ్మాయి పుస్తకం ఇవ్వలేదు, అభ్యాసాలు ఇచ్చింది. తెర మీద ఒక పని అడుగుతుంది. మనం ఆజ్ఞ టైపు చేయాలి. సరిగా చేస్తే తర్వాతి పాఠం, లేకపోతే మళ్లీ అదే. ఈ పద్ధతి కొత్తదేమీ కాదట. 1970ల్లోనే బ్రయాన్ కెర్నిహన్, మైకేల్ లెస్క్ అనే ఇద్దరు యునిక్స్ కోసం ‘లెర్న్’ అనే ప్రోగ్రాము ఇలాగే తయారుచేశారు.

మొదటి ఆజ్ఞ పి.డబ్ల్యు.డి. మా తరానికి అది రోడ్లు వేసే శాఖ! ఇక్కడ మాత్రం ‘నేనిప్పుడు ఏ అరలో ఉన్నాను’ అన్న ప్రశ్న. ఎల్.ఎస్. అంటే ఆ అరలో ఏమున్నాయో చూపిస్తుంది. సి.డి.తో మరో అరలోకి వెళ్తాం. సి.పి. నకలు తీస్తుంది. ఎం.వి. ఫైలును మరో చోటికి జరుపుతుంది, పేరు కూడా మారుస్తుంది. ఆర్.ఎం. చెరిపేస్తుంది. అలా చెరిపింది చెత్తబుట్టలోకి కూడా పోదు. విచిత్రమేమిటంటే, పని సవ్యంగా జరిగితే యంత్రం ఒక్క మాటా అనదు. రసీదు ఇవ్వని క్యాషియరులా మౌనంగా ఉంటుంది.

నాలుగు రోజులకే నాకు ధైర్యం వచ్చింది. పాఠాలు పూర్తికాకముందే అసలు ఉత్తరాల జోలికి వెళ్లాను. తేదీల వరుస సరిచేద్దామని పన్నెండో ఉత్తరానికి ఇరవై ఒకటో నంబరు ఇచ్చాను. ఆ నంబరుతో అప్పటికే ఇంకో ఉత్తరం ఉంది. యంత్రం అడగలేదు. పాతదాని మీద కొత్తది వచ్చి కూర్చుంది. మౌనాన్ని చూసి పని సవ్యంగా జరిగిందనుకున్నాను.

పోయింది 1962లో నాన్నగారు మా మేనత్తకు రాసిన ఉత్తరం. కాగితం తడిసి సగం సిరా చెదిరిపోయింది. ఆ వాక్యాలు అత్తయ్య గుర్తుచేసుకుని చెబితేనే రాసుకున్నాను. పర్లాకిమిడికి ఫోన్ చేశాను. "ఏరా, మళ్లీ చెప్పించుకుంటున్నావా?" అని నవ్వి, ఎనభై నాలుగేళ్ల అత్తయ్య ఓపికగా మళ్లీ చెప్పింది. ఆవిడ లేకపోయి ఉంటే? ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

అమ్మాయి కోప్పడలేదు. "అభ్యాసం పెట్టింది అందుకే నాన్నా, అక్కడ ఎన్ని తప్పులు చేసినా ఏమీ పోదు" అంది. నిజమే. మేము ఉద్యోగంలో చేరినప్పుడు శిక్షణ కేంద్రంలో ఉత్తుత్తి ఖాతాల మీదే కదా పద్దులు రాయించారు!

ఇప్పుడు ఎం.వి. పక్కన అడ్డగీత, ఐ అక్షరం తప్పక చేరుస్తున్నాను. అలా చేరిస్తే, ఆ పేరుతో ఫైలు ముందే ఉన్నప్పుడు యంత్రం అడిగి గాని ముట్టుకోదు. చెరిపే ముందు ఎల్.ఎస్. కొట్టి చూస్తున్నాను. అన్నిటికీ నకలు తీసి వేరే పెన్‌డ్రైవ్‌లో దాచాను.

మీ ఇళ్లలోనూ ఇలాంటి ఉత్తరాలు ఉండే ఉంటాయి. టైపు చేయండి, పిల్లల దగ్గర పాఠం నేర్చుకోండి. కాని ముందు నకలు తీయండి. గుర్తుచేసి చెప్పే అత్తయ్యలు అందరికీ ఉండరు.