మీకు తెలుసా? ఆస్కార్ ఇంట్లో కింది వాటా ఎవరికి?

ఆస్కార్, అరోవానా లాంటి వేట చేపల్ని పెంచేవాళ్లకు ఎప్పుడో ఒకప్పుడు ఈ ఆలోచన వస్తుంది. పైనంతా ఇదే తిరుగుతోంది, అడుగు ఖాళీగా ఉంది, అక్కడ ఇంకో చేపను వేస్తే మిగిలిన మేతా తింటుంది, పాచీ పోతుంది కదా అని. ఆ కింది వాటా ఎవరికి ఇవ్వొచ్చు, ఎవరికి ఇవ్వకూడదు? కొన్ని సంగతులు చూడండి.

కింద ఉన్నంత మాత్రాన బతికిపోదు

‘అడుగున పడి ఉండే చేపను ఆస్కార్ పట్టించుకోదు’ అని షాపుల్లో చెబుతుంటారు. దాని సొంత ఊరైన అమెజాన్ నీళ్లలో జరిగేది ఇందుకు పూర్తిగా వ్యతిరేకం. అక్కడ ఆస్కార్ ఎక్కువగా తినే చేపల్లో, నేలను అంటిపెట్టుకుని కదలకుండా ఉండే చిన్న చిన్న క్యాట్‌ఫిష్‌లు ఉన్నాయి. ఆస్కార్ కొరికి తినదు. నోరు ఒక్కసారిగా తెరిచి, నీటితో పాటు ఎరను లోపలికి లాగేస్తుంది. కాబట్టి ఎర పైన ఉందా, కింద ఉందా అన్నది దానికి లెక్క కాదు, నోట్లో పడుతుందా లేదా అన్నదే లెక్క. అంగుళం, రెండంగుళాల పిల్లగా కొన్న ఆస్కార్ సరిగ్గా మేపితే అడుగు పొడవు దాటుతుంది. ఈరోజు దాని పక్కన క్షేమంగా తిరిగే చేప ఆరు నెలల తర్వాత కనబడకపోవచ్చు.

మింగినా ముప్పే

కోరిడోరస్ అనే బుల్లి క్యాట్‌ఫిష్ చూడముచ్చటగా ఉంటుంది. చవక కూడా. కానీ దాని వీపు మీదా, రెండు పక్కలా ఉండే రెక్కల ముందు గట్టి ముళ్లుంటాయి. ప్రమాదం అనిపిస్తే వాటిని నిక్కబొడిచి తాళం వేసినట్టు బిగించేస్తుంది. జెల్లలు శుభ్రం చేసేటప్పుడు ముల్లు దిగిన చేతులకు ఈ సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. వేట చేప దాన్ని మింగబోతే గొంతులో అడ్డం పడుతుంది. మింగలేదు, కక్కలేదు. చివరికి రెండూ పోతాయి.

ఇది మనుషుల గొంతులోనూ రుజువైంది. 2016లో నెదర్లాండ్స్‌లో ఒక యువకుడు పార్టీ సరదాలో బతికున్న కోరిడోరస్‌ను మింగబోయాడు. అది గొంతులో ముళ్లు విప్పి ఇరుక్కుపోయింది. డాక్టర్లు బయటికి తీయాల్సి వచ్చింది. ఆ చేపను రోటర్‌డామ్ నేచురల్ హిస్టరీ మ్యూజియంలో ప్రదర్శనకు పెట్టారు.

‘క్లీనర్’ అన్నది షాపువాడి మాట

మనవాళ్లు సక్కర్ అనీ, క్లీనర్ అనీ పిలిచే చేప అసలు పేరు ప్లెకో. ఒళ్లంతా ఎముక పలకల కవచం ఉంటుంది కాబట్టి, కాస్త పెద్దదయ్యాక ఆస్కార్ దాన్ని మింగలేదు. ఆ మేరకు ఎంపిక మంచిదే. అయితే మూడు విషయాలు షాపులో చెప్పరు.

ఒకటి, రెండంగుళాల పిల్లగా కొన్న మామూలు ప్లెకో 40 సెంటీమీటర్ల దాకా ఎదుగుతుంది. నాలుగడుగుల ట్యాంకు వెడల్పు సాధారణంగా అడుగున్నర, అంటే 45 సెంటీమీటర్లు. అది ఒళ్లు తిప్పుకోవడానికే చోటు చాలదు.

రెండు, అది పాచి తింటుంది కానీ పెంట తినదు. పైగా దాని పెంట దానికి ఉంటుంది. చేపలు మొప్పల్లోంచి అమ్మోనియా వదులుతాయి. ఇంకో చేపను వేశారంటే నీటి మీద ఇంకో బరువు వేసినట్టే. వారం వారం పావు వంతు నీళ్లు మార్చే పని మీకు ఎలాగూ తప్పదు.

మూడు, ఆకలేస్తే అది రాత్రి లైటు తీశాక పెద్ద చేప పక్కకు చేరి, ఒంటి మీది జిగురు పొరను గీరి తింటుంది. పొద్దున్నే ఆస్కార్ పక్కటెముకల దగ్గర గుండ్రంగా, పాలిపోయిన మచ్చ కనిపిస్తే ముందు అనుమానించాల్సింది దీన్నే. వెడల్పాటి వీపుతో నేల మీద పరుచుకుని ఉండే మంచినీటి టెక్కె చేపకు (స్టింగ్‌రే) ఈ బాధ మరీ ఎక్కువ. ఆ రెండింటినీ ఒకే ట్యాంకులో పెట్టకపోవడం మంచిది.

ఊపిరితిత్తులున్న పొరుగు

ఆఫ్రికా నదుల బిచిర్‌కు నెపోలియన్ ఈజిప్టు దండయాత్రతో సంబంధం ఉంది. ఆ సేన వెంట వెళ్లిన ఫ్రెంచి శాస్త్రవేత్త జెఫ్రాయ్ సెంట్ హిలేర్ 1802లో దీన్ని లోకానికి పరిచయం చేశాడు. ఒంటి మీద పొలుసులు గట్టి కవచంలా అల్లుకుని ఉంటాయి. మొప్పలతో పాటు ఒక జత ఊపిరితిత్తులూ ఉన్నాయి. కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు బిచిర్ పిల్లల్ని ఎనిమిది నెలలు తడి నేల మీద పెంచి, అవి రెక్కలతో నడవడం ఎలా మెరుగుపరుచుకున్నాయో 2014లో ప్రకటించారు.

వేట చేపల ట్యాంకు అడుగుకు బాగా కుదిరే చేపల్లో ఇదొకటి. కాకపోతే చూపు మందం, వాసన పట్టి మేత వెతుక్కుంటుంది. ఆస్కార్ వేగం ముందు దానికి మెతుకు దొరకదు. లైటు తీశాక మునిగిపోయే పెల్లెట్లు విడిగా వేయాలి. మూత సందు లేకుండా బిగించాలి. సందు దొరికితే బయటికి పాకి వచ్చేస్తుంది.

కంటి కింద కత్తి

నారింజ రంగు మీద నల్ల పట్టీలతో మెరిసే క్లౌన్ లోచ్ సుమత్రా, బోర్నియో దీవులది. దాని కంటి కింద మడతపెట్టిన ముల్లుంటుంది. భయపడితే అది బయటికి వస్తుంది. వలతో పడితే దారాల్లో చిక్కుకుంటుంది, లాగితే చేపకే గాయం. అందుకే దాన్ని డబ్బాతో ముంచి తీస్తారు. ఒక్కోసారి పక్కకు ఒరిగి చచ్చినట్టు పడుకుంటుంది. కంగారు పడకండి, అది విశ్రాంతి. ఇరవై ఏళ్లు పైగా బతుకుతుంది, కానీ ఎదుగుదల మెల్లగా ఉంటుంది. పిల్లల్ని పెద్ద ఆస్కార్ దగ్గర వేస్తే మేతగా వేసినట్టే. కనీసం ఐదు కలిసి ఉంటేనే ధైర్యంగా తిరుగుతాయి కాబట్టి నాలుగడుగుల ట్యాంకు చాలదు.

ఇంటివాణ్నే మింగే అద్దెదారు

మూడంగుళాల రెడ్‌టెయిల్ క్యాట్‌ఫిష్ పిల్లను చూస్తే ఎవరికైనా ముద్దొస్తుంది. అమెజాన్‌లో అది మీటరు దాటి, 50 కిలోల పైన తూగుతుంది. కొన్ని నెలలకే మీ ఆస్కార్ దాని నోట్లో పడుతుంది. ‘షార్క్’ పేరుతో అమ్మే వెండి రంగు పిల్లల కథా ఇంతే. అది షార్క్ కాదు. కృష్ణా, గోదావరి జిల్లాల చెరువుల్లో పెంచి బజారుకు పంపే పంగస్ చేపే. మీటరుకు పైగా పెరుగుతుంది. బెదిరితే అద్దాన్ని గుద్దుకుంటుంది. ఇంటి ట్యాంకుకు ఈ రెండూ పనికిరావు.

కొనే ముందు

షాపులో చేపను చూసి కాదు, పూర్తిగా ఎదిగాక అది ఎంతవుతుందో కనుక్కుని కొనండి. పై చేప నోట్లో పట్టకూడదు, పై చేపను తనూ మింగకూడదు, నేల వైశాల్యం దానికి సరిపోవాలి. ఈ మూడింట్లో ఏ ఒక్కటి కుదరకపోయినా ఆస్కార్‌ను ఒంటరిగా ఉంచండి. దానికేం లోటు రాదు.

పెరిగిపోయిన చేపను మాత్రం చెరువులోనో కాలువలోనో వదలకండి. అలా వదిలిన ప్లెకోలే ఇవాళ మన జాలర్ల వలలు చింపుతున్న దెయ్యం చేపలు. తూర్పు కనుమల నీటి వనరుల్లో అవి ఎక్కడెక్కడ ఉన్నాయో నీటిలోని డీఎన్ఏతో పసిగట్టే పద్ధతిని హైదరాబాద్ సీసీఎంబీకి చెందిన లాకోన్స్ శాస్త్రవేత్తలు తయారుచేయాల్సి వచ్చింది. సాకలేకపోతే కొన్న షాపుకే తిరిగి ఇవ్వండి, లేదా పెద్ద ట్యాంకు ఉన్నవాళ్లకు అప్పగించండి.