ఈదీ డబ్బులతో బ్యాట్ కొనే ముందు

పోయిన ఈద్ సాయంత్రం మా అక్క కొడుకు ఈదీ నోట్లన్నీ మంచం మీద పరిచి లెక్కపెట్టాడు. "మామూ, దీంతో ఇంగ్లీష్ విల్లో వస్తుందా?" అని అడిగాడు. వాడు ఆడేది జూపాడు బంగ్లాలో, కోత అయిపోయిన చేలో, టెన్నిస్ బంతితో. డబ్బులు ఎలాగూ చాలవు. చాలినా నేను వద్దనేవాణ్ణే. టీవీలో కనిపించే బ్యాట్ వేరు, మన పిల్లల ఆట వేరు.

వెనకటి బ్యాట్ల అంచు సన్నగా ఉండేది, కర్రను గట్టిగా అదిమి చేసేవారు. ఇప్పుడు కర్రను బాగా ఆరబెట్టి, తక్కువ అదుముతున్నారు. అందుకే చూడ్డానికి దుంగలా ఉన్నా చేతికి బరువనిపించదు. నడిమధ్యన తగలని బంతి కూడా తాడు దాటుతోంది. 2024 ఏప్రిల్‌లో బెంగళూరు మీద సన్‌రైజర్స్ హైదరాబాద్ 20 ఓవర్లలో 287 కొట్టింది. అదంతా బ్యాట్ మహిమే అనలేం. బౌండరీ తాళ్లు లోపలికొచ్చాయి, పిచ్‌లు చదునయ్యాయి, 2023 నుంచి ఇంపాక్ట్ ప్లేయర్ రూపంలో ఇంకో బ్యాటర్ దొరికాడు. పాపం బౌలర్లకే ఏమీ కలిసిరాలేదు.

బ్యాట్లు మరీ లావెక్కుతున్నాయని 2017 అక్టోబర్ 1 నుంచి హద్దు పెట్టారు. అంచు 40 మిల్లీమీటర్లు, మందం 67, వెడల్పు 108 దాటకూడదు. 2025 ఐపీఎల్‌లో అంపైర్లు గ్రౌండ్‌లోనే గేజ్ పెట్టి బ్యాట్లు కొలవడం మీరూ చూసే ఉంటారు.

ఇక మన ఆట సంగతి. లెదర్ బంతి బరువు దాదాపు 160 గ్రాములు. మామూలు టెన్నిస్ బంతి అరవై గ్రాములు కూడా ఉండదు. అంత తేలిక బంతికి వేలకు వేలు పోసి ఇంగ్లీష్ విల్లో దేనికి? వెనక గుల్లగా చెక్కిన కశ్మీర్ విల్లో బ్యాట్ చాలు. కశ్మీర్ కర్ర కొంచెం బరువు, గట్టిది, చవక. అదేం తక్కువది కాదు. 2021 టీ20 ప్రపంచకప్‌లో ఒమన్ ఆటగాళ్లు కొందరు అనంతనాగ్ జిల్లాలో చేసిన బ్యాట్లతో ఆడారు. ఇంగ్లీష్ విల్లోకి చాకిరీ కూడా ఎక్కువ. నూనె రాయాలి, కొయ్య సుత్తితో గంటల తరబడి మెల్లగా కొట్టాలి. అవేమీ చేయకుండా కొత్త లెదర్ బంతికి ఎదురు పెడితే అంచు చీలిపోతుంది.

కామర్స్ చదివినవాణ్ణి కదా, బిల్లు చూడకుండా ఉండలేను. 2025 సెప్టెంబర్ 22 నుంచి క్రికెట్ సామాను మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. షాపువాడు పాత రేటే చెబుతుంటే బిల్లు అడగండి.

పిల్లాడు అకాడమీలో చేరి లెదర్ బంతి పట్టాడంటే లెక్క మారిపోతుంది. అప్పుడు మొదట కొనాల్సింది బ్యాట్ కాదు, హెల్మెట్. చాలా ఇళ్లలో ఇది తలకిందులుగా జరుగుతోంది. బ్యాట్‌కి ఉన్నదంతా పెట్టి, హెల్మెట్ మాత్రం ఎవరిదో పాతది తెచ్చుకుంటున్నారు. 1998లో ఢాకాలో షార్ట్ లెగ్‌లో హెల్మెట్ లేకుండా నిలబడ్డ మన రమణ్ లాంబా తలకు బంతి తగిలి చనిపోయాడు. 2014 నవంబర్‌లో ఆస్ట్రేలియా ఆటగాడు ఫిల్ హ్యూస్ హెల్మెట్ పెట్టుకునే ఉన్నాడు. బంతి దాని కింద, మెడకు తగిలింది. మెడకు అడ్డంగా ఉండే గార్డులు వచ్చింది ఆ తర్వాతే. 2023 జూన్ 1 నుంచి అంతర్జాతీయ మ్యాచ్‌ల్లో ఫాస్ట్ బౌలింగ్ ఆడే బ్యాటర్‌కి, వికెట్ల దగ్గర నిలబడే కీపర్‌కి, బ్యాటర్ ముందు దగ్గరగా ఫీల్డింగ్ చేసేవాళ్లకి హెల్మెట్ తప్పనిసరి. మన ఊళ్లలో ఎవరూ అడగరు, అమ్మానాన్నలే అడగాలి. సైజు సరిపోవాలి, గ్రిల్లు సందులోంచి బంతి దూరకూడదు, ఒకసారి గట్టి దెబ్బ తిన్నదాన్ని మళ్లీ వాడొద్దు.

ఖరీదైన సామాను లేకపోతే పైకి రాలేమేమో అని పిల్లలకు బెంగ. హైదరాబాద్ ఆటో డ్రైవర్ కొడుకు మొహమ్మద్ సిరాజ్ చాలా ఏళ్లు టెన్నిస్ బంతితోనే ఆడాడు. 2025 ఆగస్టు 4న ఓవల్‌లో ఇండియా 6 పరుగులతో గెలిచింది, ఆ టెస్టులో అతనివి 9 వికెట్లు.

ఇదంతా చెప్పాక మావాడు కశ్మీర్ బ్యాట్‌కి ఒప్పుకున్నాడు. మిగిలిన డబ్బు హెల్మెట్ కోసం మా అక్క బీరువాలో ఉంది. కోపం మాత్రం పూర్తిగా పోలేదు. మర్నాడే వెళ్లి బ్యాట్ మీద పెద్ద ఆటగాళ్ల బ్యాట్లకుండే స్టిక్కర్ వేయించుకొచ్చాడు.